స్వింగ్‌ను బంతి దగ్గర నుంచి వెనక్కి చదవాలి

(ఔత్సాహిక గోల్ఫ్ ఆటగాళ్ల కోసం చేసిన ప్రసంగానికి అక్షర రూపం. కుడిచేతి వాటం వారిని దృష్టిలో పెట్టుకుని చెప్పినది. ఎడమచేతి వాటం వారు కుడి ఎడమలు తారుమారు చేసుకుని చదువుకోవాలి.)

అందరికీ నమస్కారం.

గోల్ఫ్ కర్ర, అంటే క్లబ్, బంతిని తాకి ఉండేది సెకనులో దాదాపు రెండువేలవ వంతు. అంతే. క్లబ్‌ని వెనక్కి ఎత్తే బ్యాక్‌స్వింగ్ మొదలైన దగ్గర నుంచి, బంతి పోయాక సాగే ఫాలో త్రూ ముగిసేదాకా మనం పడే పాటంతా ఆ అర మిల్లీసెకను కోసమే. మీ బ్యాక్‌స్వింగ్ ఎంత అందంగా ఉందో, ఎడమ మోచెయ్యి వంగిందో లేదో, 46 గ్రాములైనా లేని ఆ బంతికి తెలియదు. దానికి తెలిసేవి ఐదే సంగతులు. క్లబ్ ఫేస్, అంటే బంతికి తగిలే ముఖం, ఎటు చూస్తోంది, క్లబ్ ఎటు ప్రయాణిస్తోంది, దిగుతూ తగిలిందా లేస్తూ తగిలిందా, ఫేస్ మీద ఏ చోట తగిలింది, ఎంత వేగంతో తగిలింది.

నిలకడ లేదని బాధపడే ఆటగాళ్లు సాధారణంగా ఏం చేస్తారు? ఫోన్‌లో వీడియో తీసుకుని, స్వింగ్ పైకెళ్లి ఆగిన చోట బొమ్మను నిలిపి, పేరున్న ప్రొఫెషనల్ బొమ్మ పక్కన పెట్టి పోల్చుకుంటారు. తేడా ఎక్కడ కనిపిస్తే అక్కడ మరమ్మతు మొదలుపెడతారు. ఆ తేడా వల్లే బంతి పక్కకి పోతోందని రుజువేమీ ఉండదు. ఒక వారం మోచెయ్యి, మరో వారం మణికట్టు, ఆ పై వారం నడుము. ఆరు నెలలు గడిచాక చూస్తే బంతి ఇంకా అదే చెట్లలోకి పోతూ ఉంటుంది.

ఈరోజు నేను చెప్పదలచుకున్నది దీనికి ఎదురుదారి. ముందు తాకిడిని చదవండి. ఆ తాకిడిలో ఏది చెడిందో తేల్చుకోండి. దానికి కారణం నిలబడిన తీరులో ఉందేమో వెతకండి. అక్కడ దొరక్కపోతేనే స్వింగ్‌లోకి వెళ్లండి. చాలామందికి స్వింగ్ దాకా వెళ్లే అవసరమే రాదు.

చదవడానికి మన ముందు మూడు గుర్తులుంటాయి. ఫేస్ మీద మచ్చ, నేల మీద గాటు, గాలిలో బంతి దారి.

ఫేస్ మీద మచ్చ కోసం యంత్రాలేవీ అక్కర్లేదు. పాదాలకు కొట్టుకునే పౌడర్ స్ప్రే ఫేస్ మీద పలచగా కొడితే, బంతి తగిలిన చోట గుండ్రంగా ముద్ర పడుతుంది. అది లేకపోతే బంతి వెనక, ఫేస్ తగిలే వైపున, వైట్‌బోర్డ్ మార్కర్‌తో లావుగా చుక్క పెట్టండి. ఆ చుక్క ఫేస్ మీదికి దిగుతుంది. పది బంతులు కొట్టి, ఒక్కొక్కటి ఎక్కడ తగిలిందో కాగితం మీద గుర్తు పెట్టుకోండి. మచ్చలన్నీ ఒకే పక్కన, అంటే కాడకి దగ్గరగా ఉండే హీల్ వైపో, అవతలి కొస అయిన టో వైపో గుంపుగా పడ్డాయంటే సంతోషించండి. గురి బాగానే ఉంది, నిలబడిన దూరమే తప్పు. మచ్చలు ఫేస్ అంతా చెదిరి ఉంటే అసలు సమస్య ఒంటి తూకం.

ఈ మచ్చకి ఇంత ప్రాధాన్యం ఎందుకో ఒక లెక్క చెబుతాను. అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్ అయిన డ్రైవర్ గంటకు 90 మైళ్ల వేగంతో వచ్చి ఫేస్ నడిబొడ్డున తగిలితే బంతి దాదాపు 135 మైళ్ల వేగంతో బయల్దేరుతుంది. అంటే ఒకటిన్నర రెట్లు. అదే స్వింగ్, అదే వేగం, బంతి మాత్రం అంచు వైపు తగిలి ఆ ఒకటిన్నర రెట్లు 1.38 రెట్లకి పడిపోతే బంతి వేగం 124 దగ్గర ఆగిపోతుంది. బంతి వేగం ఒక మైలు తగ్గితే దూరం రెండు గజాలు తగ్గుతుందని ఉజ్జాయింపుగా వేసుకోవచ్చు. అలా 20 గజాల పైచిలుకు పోయాయి. వాటిని బలంతో తెచ్చుకోవాలంటే స్వింగ్ వేగం ఏడెనిమిది మైళ్లు పెంచాలి. ఫేస్ మధ్యలో కొట్టడం అంతకన్నా ఎంతో తేలిక.

ఇక బంతి దారి. ఇక్కడ కొంచెం నిదానంగా వెళదాం. పాత తప్పు ఒకటి ఇంకా మన మధ్య తిరుగుతోంది. బంతి స్వింగ్ వెళ్లిన దిక్కులో బయల్దేరి, చివరికి ఫేస్ చూసిన దిక్కుకి వంగుతుందని చాలాకాలం నేర్పారు. 2000ల తొలి ఏళ్లలో డాప్లర్ రాడార్ యంత్రాలు వచ్చి, క్లబ్ కదలికనీ బంతి కదలికనీ కలిపి కొలిచాక అది తలకిందులని తేలింది. బంతి బయల్దేరే దిక్కుని ప్రధానంగా నిర్ణయించేది ఫేస్. డ్రైవర్‌తో దాదాపు 85 శాతం, మధ్య దూరాలకి వాడే ఐరన్ క్లబ్‌లతో దాదాపు 75 శాతం. వంపుని నిర్ణయించేది ఫేస్‌కీ క్లబ్ వెళ్లే దారికీ మధ్య ఉన్న కోణం. ఫేస్ దారికన్నా కుడివైపు చూస్తుంటే బంతి కుడికి వంగుతుంది, ఎడమవైపు చూస్తుంటే ఎడమకి.

అంకెల్లో చూద్దాం. క్లబ్ దారి లక్ష్యానికి 6 డిగ్రీలు ఎడమకి పోతోంది, ఫేస్ 2 డిగ్రీలు ఎడమకి చూస్తోంది అనుకోండి. బంతి కొద్దిగా ఎడమకి బయల్దేరుతుంది. దారితో పోలిస్తే ఫేస్ 4 డిగ్రీలు తెరుచుకుని, అంటే కుడికి తిరిగి, ఉంది కాబట్టి బాగా కుడికి వంగుతుంది. ఔత్సాహికుల్లో ఎక్కువమందిని ఏడిపించే స్లైస్ ఇదే. బంతి కుడికి పోతోందని ఆటగాడు ఇంకా ఎడమకి తిరిగి నిలబడతాడు. దాంతో స్వింగ్ దారి ఇప్పుడు 10 డిగ్రీలు ఎడమకి పోతుంది. చేతులు మాత్రం అలవాటుగా ఫేస్‌ని లక్ష్యం వైపే పట్టుకుంటాయి. 4 డిగ్రీల తేడా 8, 9 డిగ్రీలైంది. వంపు రెట్టింపైంది. మందు వేసిన కొద్దీ జబ్బు ముదిరినట్టు ఇదొక విషవలయం. స్లైస్ కొట్టేవారికి నేను ముందు ఫేస్ సరిచేయమనే చెబుతాను, దారి సంగతి తర్వాత. ఫేస్ తెరుచుకున్నంతకాలం, బంతిని లక్ష్యం వైపు తేవడానికి ఒళ్లు దానంతటదే ఎడమకి లాగుతూనే ఉంటుంది. ఫేస్ మూసుకోవడం మొదలై రెండు మూడు బంతులు సూటిగా ఎడమకి పోతే, ఆ ఎడమ లాగుడు అక్కర్లేదని ఒంటికే అర్థమవుతుంది.

డ్రైవర్ విషయంలో ఒక మెలిక ఉంది. దాని ఫేస్ బల్లపరుపుగా ఉండదు, కొంచెం ఉబ్బి ఉంటుంది. పైగా బరువు ఫేస్ వెనక లోతుగా ఉంటుంది. ఆ లోతు వల్ల టో వైపు తగిలిన బంతికి ఎడమకి వంగే తిప్పుడు వస్తుంది, హీల్ వైపు తగిలితే కుడికి వంగే తిప్పుడు. కనుక డ్రైవర్‌తో స్లైస్ వస్తే దారినీ ఫేస్‌నీ తప్పుపట్టే ముందు మచ్చ చూడండి. హీల్ మీద మచ్చ ఉంటే మీ స్వింగ్‌లో దోషమేమీ లేకపోవచ్చు.

ఫేస్ ఒక్క డిగ్రీ తప్పితే 200 గజాల దూరంలో బంతి బయల్దేరిన గీత మూడున్నర గజాలు పక్కకి పోతుంది. వంపు దీనికి అదనం. అందుకే ఫేస్‌ని పట్టుకునే చేతుల దగ్గరికి ఇప్పుడు వద్దాం.

గ్రిప్. క్లబ్‌ని పట్టుకునే తీరునీ, పట్టుకునే పిడినీ ఇలాగే అంటాం. ఎడమ చేతిలో క్లబ్ అరచేతికి అడ్డంగా పడకూడదు. చూపుడువేలు మధ్య కణుపు దగ్గర నుంచి చిటికెన వేలి మొదలు దాకా ఏటవాలుగా, వేళ్లలో పడాలి. అరచేతి మడమ, అంటే చిటికెన వేలి కింద ఉన్న కండ, గ్రిప్ పైన కూర్చోవాలి. సరిగా పడిందో లేదో పరీక్ష సులువు. మిగతా వేళ్లన్నీ వదిలేసి చూపుడువేలి కొక్కెంతోనూ ఆ కండతోనూ మాత్రమే క్లబ్‌ని పైకెత్తి చూడండి. నిలిస్తే సరిగ్గా పట్టారు. జారిపోతే క్లబ్ అరచేతిలో ఉంది. గ్లవ్ కూడా సాక్ష్యం చెబుతుంది. అరచేతి మడమ దగ్గర గ్లవ్ అరిగి చిల్లు పడుతోందంటే క్లబ్ అరచేతిలో రాసుకుంటోంది, ప్రతి స్వింగ్‌లోనూ కదులుతోంది.

బంతి దగ్గర నిలబడి కిందికి చూస్తే ఎడమ చేతి వెనక వేళ్ల మొదట్లో లేచి ఉండే మెటికలు రెండు, రెండున్నర కనిపించాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ముడత కుడి భుజం వైపు చూపాలి. ఒక్క మెటికే కనిపిస్తే ఆ చెయ్యి బలహీనంగా ఉంది, ఫేస్ తెరుచుకుంటుంది. స్లైస్ కొట్టేవారు మూడు మెటికలు కనిపించేదాకా చేతిని కుడికి తిప్పి పట్టుకుంటే, ఒక గంటలో బంతి దారి మారడం చూస్తారు. కుడి చేతిని కూడా వేళ్లలోనే పట్టాలి. దాని అరచేతి గీత ఎడమ బొటనవేలిని కప్పాలి. పాత తరం ఆటగాడు హ్యారీ వార్డన్ పేరుతో పిలిచే పద్ధతిలో కుడి చిటికెన వేలు ఎడమ చూపుడువేలి మీద కూర్చుంటుంది. జాక్ నిక్లాస్, టైగర్ వుడ్స్ ఆ రెండు వేళ్లనూ పెనవేసే పద్ధతి వాడారు. పది వేళ్లూ గ్రిప్ మీదే ఉంచే పద్ధతీ ఉంది. ఏదైనా ఫర్వాలేదు, చేతి పరిమాణాన్ని బట్టి ఎంచుకోండి. ఫేస్‌ని నడిపేది చేతులు క్లబ్ మీద ఎంత తిరిగి ఉన్నాయనేదే. వేళ్లు ఎలా అల్లుకున్నాయనేది కాదు.

పట్టు బిగువు పదికి నాలుగైదు చాలు. ఎంత బిగించామన్నదానికన్నా మధ్యలో మారకపోవడం ముఖ్యం. నాలుగుతో మొదలుపెట్టి బంతి దగ్గరికి వచ్చేసరికి తొమ్మిదికి చేరితే మణికట్లు బిగుసుకుని ఫేస్ తెరుచుకునే ఉండిపోతుంది.

కొత్త గ్రిప్ మొదట్లో పరాయి చేతుల్లా ఉంటుంది. సాధన మైదానమైన రేంజ్‌లో బంతులు కొడుతూ దానికి అలవాటు పడాలనుకుంటే, మొదటి చెడ్డ షాట్‌కే పాత పట్టు తిరిగొస్తుంది. ఇంట్లో రోజుకు ఐదు నిమిషాలు, బంతి లేకుండా, పట్టుకుని వదిలి మళ్లీ పట్టుకుంటూ సాధన చేయండి. రెండు మూడు వారాలు పడుతుంది.

నిలబడే దిక్కు గురించి చెప్పడానికి ఎక్కువేమీ లేదు, కానీ దీన్ని ఎవరూ పాటించరు. ముందు ఫేస్‌ని గురి పెట్టాలి, ఆ తర్వాతే పాదాలు. బంతి వెనక నిలబడి, లక్ష్యానికి గీత గీసినట్టు ఊహించుకుని, ఆ గీత మీద బంతికి ఒక గజం ముందు ఏదో ఆకో గడ్డిపరకో ఎంచుకోండి. ఫేస్‌ని దానికి చూపండి. పాదాలు, మోకాళ్లు, తుంటి, భుజాలు ఆ గీతకి సమాంతరంగా దాని ఎడమ పక్కన ఉండాలి, రైలు పట్టాల్లా. పాదాలే లక్ష్యం వైపు చూపితే మీరు కుడికి గురి పెట్టినట్టు. భుజాలు మరీ మోసం చేస్తాయి. కుడి చెయ్యి గ్రిప్ మీద ఎడమ చెయ్యికన్నా కిందుంటుంది కదా, దాన్ని అందుకోవడానికి కుడి భుజం ముందుకొచ్చి భుజాల గీత ఎడమకి తిరిగిపోతుంది. కుడి మోచెయ్యిని కొంచెం మెత్తగా వదిలి ఒంటికి దగ్గరగా ఉంచితే అది సర్దుకుంటుంది.

బంతి స్థానం: దగ్గరి షాట్లకి వాడే వెడ్జ్‌కి పాదాల మధ్యలో, ఏడో నంబర్ ఐరన్‌కి మధ్య నుంచి ఒక బంతి వెడల్పు ముందుకి, డ్రైవర్‌కి ఎడమ మడమ లోపలి అంచుకి ఎదురుగా. పాదాన్ని బయటికి తిప్పితే వేళ్ల దగ్గర చూసినప్పుడు బంతి స్థానం మారినట్టు కనిపిస్తుంది. మడమలనే కొలతగా తీసుకోండి. రేంజ్‌లో ఒక కర్రని లక్ష్యం వైపు, ఇంకో కర్రని దానికి అడ్డంగా బంతి నుంచి పాదాల మధ్యకి పెట్టుకుని చూసుకోండి. బంతి తెలియకుండా వారం వారం జరుగుతూ ఉంటుంది. బాగా కొడుతున్న ఆటగాడికి ఉన్నట్టుండి ఆట చెడితే నేను మొదట చూసేది బంతి స్థానమే.

దూరం: ఐరన్ పట్టుకుని నిలబడ్డప్పుడు గ్రిప్ చివరికీ తొడకీ మధ్య మీ పిడికిలి పట్టాలి, డ్రైవర్‌కి విప్పిన అరచెయ్యి పట్టాలి. తుంటి దగ్గర వంగి, మోకాళ్లు కొంచెం సడలించి, బరువు పాదం మధ్యలో ఉంచాలి. వేళ్ల మీద బరువు పడితే స్వింగ్‌లో వెనక్కి తూలుతారు, మడమల మీద పడితే ముందుకి. మచ్చలు చెదరడానికి సగం కారణం ఇక్కడే ఉంటుంది.

ఇప్పుడు నేల. ఐరన్ ఆటంతా నేల మీద గాటు ఎక్కడ మొదలవుతుందన్న దాని మీదే నిలుస్తుంది. క్లబ్ ఒక వృత్తఖండంలా దిగి లేస్తుంది. దానికి ఒక అడుగు బిందువు ఉంటుంది. మంచి ఆటగాళ్లకి ఐరన్‌తో ఆ బిందువు బంతి దాటాక దాదాపు 10 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. అందుకే ముందు బంతి, తర్వాత మట్టి. ఔత్సాహికులకి ఆ బిందువు బంతి దగ్గరో బంతికి వెనకో ఉంటుంది. వెనకుంటే రెండే జరుగుతాయి. క్లబ్ మట్టిలో దిగబడి బంతి నాలుగడుగులు వేసి ఆగిపోతుంది, అది ఫ్యాట్. లేదా క్లబ్ మట్టిని తప్పించుకుని పైకి లేస్తూ బంతి నడుముకి అంచుతో తగులుతుంది, అది థిన్. ఫ్యాట్ కొట్టినవాడు తర్వాతి బంతికి ఒళ్లు పైకెత్తి థిన్ కొడతాడు, థిన్ కొట్టినవాడు తల దించి ఫ్యాట్ కొడతాడు. రెండూ ఒకే దోషం. ఒకదాని మందు ఇంకోదాన్ని తెస్తుంది.

అడుగు బిందువు వెనకపడటానికి మూడు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, బరువు కుడికాలి మీదే మిగిలిపోవడం. తాకిడి వేళకి ఒత్తిడిలో నాలుగింట మూడు వంతులైనా ఎడమ పాదం మీద ఉండాలి. రెండోది, పై నుంచి దిగడం మొదలు కాగానే మణికట్లు విప్పేసి క్లబ్‌ని గాలం విసిరినట్టు విసరడం. అప్పుడు క్లబ్ తల చేతులకన్నా ముందు నేలకి చేరుతుంది. బంతిని పైకి లేపాలన్న తపన వల్ల ఇది వస్తుంది. బంతిని లేపే పని లాఫ్ట్‌ది, అంటే ఫేస్ వెనక్కి వాలిన కోణానిది, మీది కాదు. మూడోది, తుంటి బంతి వైపు తోసుకొచ్చి ఒళ్లు నిటారు కావడం.

ఈ మూడింటికీ నేను ముందుగా చెప్పే సాధన ఒకటే. ఇసుకలోనో గడ్డి మీదో పాదాల గీతకి అడ్డంగా పొడవాటి గీత గీయండి. బంతి పెట్టొద్దు. ఏడో నంబర్ ఐరన్‌కి బంతి ఉండే చోట గీత ఉండేలా నిలబడి, సగం స్వింగ్‌తో పది సార్లు నేలని తాకండి. గాటు గీత మీద కానీ గీతకి అవతల, లక్ష్యం వైపు కానీ మొదలైతే ఒక మార్కు. పదికి ఏడు వచ్చేదాకా బంతి జోలికి వెళ్లొద్దు. మొదటి రోజు మూడు నాలుగు వస్తే అధైర్యపడకండి, చాలామందికి అంతే వస్తాయి. రాకపోతే కారణాలు ఒక్కొక్కటే పరీక్షించండి. ఎడమ కాలి మీద ఎక్కువ బరువు పెట్టి నిలబడి కొట్టి చూడండి. మార్కులు పెరిగితే బరువు మార్పిడి మీ సమస్య. పెరగకపోతే తాకిడి వేళ చేతులు ఎడమ తొడ ముందుకి చేరాయా లేదా వీడియోలో చూడండి. తుంటి సంగతికి పిరుదులు గోడకి ఆనించి నిలబడి, క్లబ్ లేకుండా చేతులు ఛాతీ మీద కట్టుకుని స్వింగ్ చేయండి. వెనక్కి తిరిగేటప్పుడు కుడి పిరుదు, దిగేటప్పుడు ఎడమ పిరుదు గోడని వదలకూడదు.

బ్యాక్‌స్వింగ్ గురించి క్లుప్తంగా. ప్రొఫెషనల్‌కి భుజాలు 90 డిగ్రీలు, తుంటి 45 డిగ్రీలు తిరుగుతాయి. మీ ఒళ్లు అంత తిరగకపోతే చేతులతో ఆ లోటు పూడ్చాలని చూడకండి. అక్కడే క్లబ్ దారి తప్పుతుంది. కుడి పాదాన్ని కొంచెం బయటికి తిప్పి నిలబడండి, ఎడమ మడమ లేస్తే లేవనివ్వండి, తిరుగుడు పెరుగుతుంది. బరువు కుడి పాదం లోపలి వైపు ఉండాలి. బయటి అంచు మీదికి పోయిందంటే తిరగడం బదులు పక్కకి జరిగారన్నమాట. ఫేస్ కోసం ఒక తనిఖీ చాలు. క్లబ్ కాడ, అంటే షాఫ్ట్, నేలకి సమాంతరంగా వచ్చినప్పుడు ఫేస్ మీ వెన్ను వంపుతో సరితూగాలి. టో నిట్టనిలువుగా ఆకాశం చూసినా మరీ తప్పేమీ కాదు, అంతకు మించి వెనక్కి వాలితే ఫేస్ తెరుచుకుంటోంది.

పై నుంచి దిగేటప్పుడు కుడి భుజం ముందుకి దూసుకొచ్చి క్లబ్ బయటి నుంచి లోపలికి కోసుకుపోవడం, అందరూ భయపడే జబ్బు. ఫేస్ సరిచేశాక కూడా అది మిగిలితే, బంతికి ఒక అడుగు వెనక, లక్ష్యం గీతకి కొంచెం అవతల, క్లబ్ తొడుగు ఒకటి పెట్టండి. బయటి నుంచి దిగే క్లబ్ దాన్ని కొడుతుంది. దాన్ని తప్పించుకునే దారి ఒంటికే దొరుకుతుంది. మొదట సగం వేగంతో కొట్టండి.

లయ. పేరున్న ఆటగాళ్ల స్వింగ్ కాలం కొలిస్తే బ్యాక్‌స్వింగ్‌కి పట్టే సమయం, పై నుంచి బంతి దాకా పట్టే సమయానికి మూడింతలు ఉంటుంది. దాదాపు ముప్పావు సెకను, పావు సెకను. వేగంగా కొట్టేవారికీ నెమ్మదిగా కొట్టేవారికీ మొత్తం సమయం మారుతుంది కానీ ఆ నిష్పత్తి పెద్దగా మారదు. ఫోన్‌లో స్లో మోషన్‌లో తీసి ఫ్రేములు లెక్కపెట్టుకోండి. నెమ్మదిగా, నెమ్మదిగా అని చెప్పుకుంటూ బ్యాక్‌స్వింగ్‌ని ఈడ్చేవాళ్లు, పైన ఆగిపోయి, ఒక్కసారిగా చేతులతో లాగేస్తారు. వారికి నెమ్మది మంచి చేయదు. బ్యాక్‌స్వింగ్ కాస్త చురుగ్గా ఉంటేనే దిగడం సాఫీగా ఉంటుంది.

డ్రైవర్‌కి ఒక్క మార్పు. బంతి టీ అనే చిన్న మేకు మీద ఉంది కాబట్టి దాన్ని కొంచెం లేస్తూ కొట్టాలి. టీ ఎత్తు బంతి సగం క్లబ్ తల పై అంచుకి పైన కనిపించేంత. వెన్ను లక్ష్యానికి దూరంగా కొంచెం వాలాలి, కుడి భుజం ఎడమ భుజం కన్నా కిందుండాలి. బంతి ముందుకి పోయినప్పుడు దాన్ని అందుకోవడానికి భుజాలు ఎడమకి తెరుచుకోవడం సహజం. డ్రైవర్‌తో మాత్రమే స్లైస్ వచ్చేవారు అక్కడ చూసుకోండి.

సాధన ఎలా చేయాలన్నది స్వింగ్ ఎంత ముఖ్యమో అంతే ముఖ్యం. వంద బంతుల బుట్ట తెచ్చుకుని, ఒకే క్లబ్‌తో ఒకే లక్ష్యానికి, నిమిషానికి నాలుగు చొప్పున కొట్టేస్తే చివరి ఇరవై బంతులు చక్కగా పోతాయి. నేర్చుకున్నామనిపిస్తుంది. 1979లో షియా, మోర్గన్ అనే ఇద్దరు చేతి కదలికల మీద చేసిన ప్రయోగం ఈ భ్రమని బయటపెట్టింది. ఒకే పని వరసగా చేసినవారు సాధనలో మెరుగ్గా కనిపించారు. పనులు కలగాపులగంగా మార్చి మార్చి చేసినవారు సాధనలో తడబడ్డారు కానీ, తర్వాత పరీక్షించినప్పుడు వారికే ఎక్కువ నిలిచింది. కోర్సులో ఒకే షాట్ వరసగా రెండుసార్లు రాదు కదా.

కాబట్టి 60 బంతులు చాలు. మొదటి 15 వెడ్జ్‌తో, నడుము ఎత్తు స్వింగ్‌తో, మచ్చ చూసుకుంటూ. తర్వాత 20, మీరు ఆ వారం ఎంచుకున్న ఒకే ఒక్క మార్పు మీద, బంతికీ బంతికీ మధ్య రెండు ఖాళీ స్వింగ్‌లు వేస్తూ. తర్వాత 15 ప్రతిసారీ క్లబ్, లక్ష్యం మారుస్తూ. చివరి 10 హోల్ ఆడుతున్నట్టు ఊహించుకుంటూ, బంతి వెనక నిలబడి చూసి, గడ్డిపరక ఎంచుకుని, పూర్తి క్రమంతో. ఇంకో మాట. కొట్టేటప్పుడు మనసు ఒంటి భాగం మీద పెట్టొద్దు. 1999లో గాబ్రియెలె వుల్ఫ్ బృందం కొత్తగా నేర్చుకునేవారితో పిచ్ షాట్ల మీద, అంటే ఎత్తుగా లేచే చిన్న షాట్ల మీద, ప్రయోగం చేసింది. చేతుల కదలిక మీద ధ్యాస పెట్టినవారి కన్నా క్లబ్ ఊగడం మీద ధ్యాస పెట్టినవారు మేలుగా కొట్టారు. "నడుము తిప్పాలి" అనుకునే బదులు "గాటు గీతకి అవతల పడాలి" అనుకోండి.

ఇక మీ ప్రశ్నలు.

(సభలో ఒకరు: సర్, తల అస్సలు కదపకూడదని, బంతి పోయాక కూడా కిందికే చూస్తూ ఉండాలని అంటారు. నేను అదే పాటిస్తున్నాను, అయినా థిన్ పోతోంది.)

తల బిగించి పెట్టడం వల్లే కావచ్చండి. గడ్డాన్ని ఛాతీకి ఆనించి తల కదలకుండా పట్టుకుంటే ఎడమ భుజం తిరగడానికి చోటుండదు. ఒళ్లు తిరగకపోతే బరువు ఎడమకి రాదు, అడుగు బిందువు వెనకపడుతుంది. బ్యాక్‌స్వింగ్‌లో తల కొన్ని సెంటీమీటర్లు కుడికి జరిగినా దోషం కాదు. తాకిడి అయ్యాక తల ఒంటితో పాటు తిరిగి లేవాలి. ఆనికా సోరెన్‌స్టామ్, డేవిడ్ డూవాల్ ఇద్దరూ బంతి తగిలే వేళకే తల లక్ష్యం వైపు తిప్పేసేవారు. ఇద్దరూ ఒకప్పటి ప్రపంచ నంబర్ వన్‌లు. మీరు వారిలా తిప్పాలని కాదు, గడ్డం కింద ఒక అరచెయ్యి పట్టేంత ఖాళీ ఉంచి నిలబడండి, తలని దాని మానాన వదిలేయండి.

(ఇంకొకరు: ఉన్నట్టుండి షాంక్ మొదలైంది. ఒకటి వచ్చిందంటే వరసగా వస్తున్నాయి.)

షాంక్ అంటే బంతి ఫేస్‌కి కాకుండా షాఫ్ట్ దూరే మెడకి తగలడం. అంటే తాకిడి వేళ క్లబ్ మీరు నిలబెట్టిన చోటుకన్నా ఒకటి రెండు అంగుళాలు అవతలికి పోయింది. సాధారణంగా బరువు వేళ్ల మీదికి తూలడం వల్లో, ఇందాక చెప్పినట్టు తుంటి ముందుకి తోసుకురావడం వల్లో జరుగుతుంది. వరసగా ఎందుకొస్తాయంటే, భయంతో బంతికి దూరంగా జరిగి నిలబడతారు, అందుకోవడానికి ఇంకా వేళ్ల మీదికి వాలుతారు. దూరం మార్చకండి. క్లబ్ తలని బంతి వెనక పెట్టి, టో చివరికి ఒక అంగుళం అవతల ఒక టీ గుచ్చండి. టీని తాకకుండా బంతిని కొట్టండి. సగం స్వింగ్‌తో పది. బూట్ల లోపల పాదాల వేళ్లని పైకి ఎత్తి పట్టుకుని కొట్టినా బరువు ముందుకి పోదు.

(మరొకరు: రేంజ్‌లో మ్యాట్ మీద ఐరన్‌లు బ్రహ్మాండంగా తగులుతాయి. కోర్సుకి వెళ్తే అన్నీ ఫ్యాట్.)

మ్యాట్ మీ తప్పుని కప్పేస్తోంది. బంతికి ఐదారు సెంటీమీటర్లు వెనక తగిలినా క్లబ్ మ్యాట్ మీద జారి బంతిని చేరుకుంటుంది. మట్టిలో అయితే అక్కడే దిగబడుతుంది. మ్యాట్ మీద సాధన చేయక తప్పనివారు ఒక చేతి తువ్వాలు మడిచి, బంతికి 10 సెంటీమీటర్లు వెనక పరచండి. తువ్వాలు కదిలితే ఆ షాట్ ఎంత దూరం పోయినా లెక్కలోకి తీసుకోకండి. పది బంతుల్లో ఎనిమిది సార్లు తువ్వాలు కదలకపోతే, దాన్ని 7 సెంటీమీటర్లకి, ఆ తర్వాత 5 సెంటీమీటర్లకి జరపండి. కోర్సులో మొదటి హోల్‌కి వెళ్లే ముందు బంతి లేకుండా గడ్డిని నాలుగు సార్లు తాకి, గాటు ఎడమ పాదానికి ఎంత దగ్గరగా పడుతోందో చూసుకోండి. ఆ రోజుకి మీ అడుగు బిందువు అదే. మధ్యకన్నా వెనకపడుతుంటే ఆ రోజుకి బంతిని ఒక బంతి వెడల్పు వెనక్కి పెట్టి ఆడేయండి, మరమ్మతు మర్నాడు రేంజ్‌లో చూసుకోవచ్చు.